ఏడో నెల, ఫహాహీల్

పొద్దున ఏడున్నరకే బయట నలభై డిగ్రీలు.
టాక్సీ తలుపు పిడి అట్లకాడలా కాలింది.
అందుకే, షాపులు ఇంకా తెరవని మాల్‌లో
నా నడక.

షట్టర్ల వెనక తల లేని బొమ్మలు.
వాటికి కూడా నా పొట్ట కనబడుతున్నట్టే ఉంటుంది.
నగల కొట్టు నుంచి ఎస్కలేటరు దాకా
నాలుగు వందల ముప్ఫై అడుగులు,
తిరిగొచ్చేటప్పుడు ఎందుకో
ఇంకో పన్నెండు ఎక్కువ.

"కాళ్లు కదపాకు పాపా, మంచం దిగాకు"
రాయచోటి నుంచి ఫోన్లో అమ్మ.
"నడువు, రోజూ నడువు" అంది
క్లినిక్కులో మారిసెల్ సిస్టరు.
"మాట్లాడుతూ నడవగలిగినంత. ఆయాసమొస్తే ఆగు."
ఇద్దరి మాటా విన్నాను.
నడుస్తున్నాను,
అమ్మకు చెప్పడం లేదు.

మొదటి వారం నడుము నా మాట వినలేదు.
మూడో వారానికి
రాత్రిళ్లు పిక్కలు పట్టెయ్యడం మానేశాయి.
నిద్ర వచ్చింది,
ఎడమ పక్కకు తిరిగి, దిండు కౌగిలించుకుని,
రిఫైనరీ నైటు డ్యూటీ దిగొచ్చిన చెంగల్రాయుడు
తాళం తీసిన చప్పుడు కూడా వినపడనంత నిద్ర.
చక్కెర పరీక్ష కాగితం మీద
ఈసారి ఎర్ర గీత లేదు.

రెండో చుట్టులో ఓబులమ్మ ఎదురైంది,
తడిగుడ్డ కర్రతో, పసుపు బోర్డు పక్కన.
"ఎన్నో నెల మా?"
"ఏడు."
"నేను నెలలు నిండేదాకా నాట్లేసినా.
నొప్పులు గట్టు మీదనే.
నడిస్తే మంచిదని ఎవురూ చెప్పలా,
కూసోమనీ ఎవురూ చెప్పలా."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను.
నా నడకకు వేళ నేనే పెట్టుకున్నాను,
చేతిలో నీళ్ల సీసా,
అలిసిన చోటల్లా బెంచీ.
ఆమెదీ నాదీ ఒకటే నడక అనడానికి
నోరు రాలేదు.

నా ముఖం చూసిందో ఏమో
కర్ర గోడకు ఆనించి
నాతో పది అడుగులేసింది.
"భుజాలు వంచాకు.
గాలి లోపల పిల్లకు గూడా పోవాల గదా.
ఆ పక్క తడి. ఈ పక్క రా."
సూపర్‌వైజరు కేకేస్తే
చెంగు దోపుకున్న అలవాటుకి
యూనిఫాం అంచు సవరించుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె తుడిచి ఆరనిచ్చిన దారి మీద
మూడో చుట్టు.
ఎస్కలేటరు దగ్గర ఒక్క నిమిషం ఆగానో లేదో
లోపలి నుంచి ఒక తన్ను.

సరే, పద.
అమ్మమ్మకు మాత్రం చెప్పకు.