బిపిన్ చొక్కా

ఈ చొక్కా నాది కాదు.
జేబు మీద ఒరియా అచ్చరాల్లో బిపిన్ అనుంటాది.
బిపిన్ సూరత్ ఎలిపోనాడు, చొక్కా బంకులో ఒగ్గేసినాడు.
కొత్తది వచ్చే నెల, అంతాడు మేనేజరు.
ఇది మూడో నెల.
మా అమ్మ పెట్టిన పేరు దాలమ్మ.
పర్లాకిమిడి బంకులో దాన్నెవులూ అడగరు.

తెల్లారీసరికి పాతపట్నం బళ్ళు ఇటొచ్చేస్తాయి,
లీటరుకి నాలుగు రూపాయలు మిగులుతాదని.
ఆకుపచ్చ గొట్టం పెట్రోలు, నీలం గొట్టం డీజిలు.
కళ్ళు మూసుకున్నా వాసన సెప్పేస్తాది.
సెప్పేస్తాది గానీ
ముక్కు కూడా ఒకో పూట నిద్దరోతాది.

గొమాంగో మాస్టారి జీపు, మోహన కొండల్నించి.
ఎనక తొమ్మండుగురు గుంటలు, కబాడీ నిక్కర్లు,
మోకాళ్ళకి పసుప్పచ్చ పట్టీలు.
గుణుపురంలో పదిగంటలకి ఆటంట.
మాస్టారేదో అన్నాడు, సిమెంటు లారీ హారను మింగేసింది.
ఎనకాతల "దుయి హజార్" ఒక్కటే మిగిలింది.
అంకె అందుకున్నాను.
సేతిలో ముందు బండికి పట్టిన గొట్టమే ఉంది.

పదిహేడు. పద్దెనిమిది.
పంతొమ్మిదో లీటరు కాడ నా ముక్కు లేచింది.
మాస్టారి సెయ్యి తాళం మీదుంది.
ఏ బాషలో అరిసినానో నాకే తెలీదు,
కిటికీలోంచి సెయ్యెట్టి తాళం లాగేసినాను.

"కాసింతే కదా, పైన డీజిలు పోసీ,
స్టార్టు చేసి పక్కకి లాగించు,
ఎనక లైను సూసినావా" అన్నాడు మేనేజరు.
తాళం బిపిన్ జేబులో ఎట్టుకున్నాను.
"దీన్ని తిప్పితే పంపు పోతాది బాబూ" అన్నాను.
ఆ జేబులో గుండె కొట్టుకున్నాది,
నాదో బిపిన్‌దో.

అప్పుడు దిగినారు గుంటలు.
ఒకమ్మాయి నా జేబు సదివి
"ఎటు తొయ్యాలి బిపిన్ అక్కా" అంది.
గేరు తప్పించి, మాస్టారు స్టీరింగు పట్టుకుంటే
పద్దెనిమిది సేతులూ నా రెండు సేతులూ,
"కబాడీ కబాడీ" అని ఊపిరి బిగబట్టి,
బజారు మజ్జ నుంచి, జీడిపప్పు కొట్టు దాటి,
రెండు ఆవుల్ని తప్పించి
తవిటయ్య మేస్త్రి షెడ్డు దాకా.

తవిటయ్య తిట్టలేదు. ముందు ఒకటే అడిగినాడు:
"తాళం తిప్పినారా?"
"నేదు."
"అయితే బతికింది."
టాంకు కింద డబ్బా ఎట్టి బోల్టు ఇప్పినాడు.
"డీజిల్లో జిడ్డుంటాదమ్మా,
ఆ జిడ్డుతోటే పంపు తిరుగుతాది.
పెట్రోలు సుబ్బరంగా కడిగేస్తాది.
ఇనుముకి ఇనుము తగిలితే ఇంకేటుంది."
ఫిల్టరు మార్చినాడు, కొత్త డీజిలు పోసినాడు,
గాలి పోయేదాకా బొటనేలితో పంపు నొక్కి నొక్కి
అప్పుడు నాకేసి సెయ్యి సాపినాడు.
తాళం ఇచ్చినాను.
మూడోసారికి నల్లటి పొగ దగ్గి అందుకున్నాది.

పది దాటి ఇరవై నిమిషాలు.
గుంటలు ఎగబడి ఎక్కినారు. జీపెలిపోయింది.
కలిసిపోయిన నూనె తవిటయ్య ఉంచుకున్నాడు,
సామాన్లు కడుక్కోడానికి.
మిగతాది నా జీతంలో ఇరిగింది, మూడు వాయిదాలు.

తొమ్మిదో దినాన జీపు మళ్ళీ వచ్చింది.
మాస్టారు దిగలేదు. ఆ గుంటే దిగింది.
టాంకు మూత మీద తెల్ల రంగుతో మూడు వరసలు:
ఒరియాలో ఒకటి, సవరలో ఒకటి,
నా కోసం తెలుగులో:
డిజలు.
దీర్ఘం నేదు, తలకట్టు ఎక్కడో ఎగిరిపోనాది.
"నేనే రాసినాను" అంది.
"ఆటేటయింది?"
"ఎళ్ళేసరికి అయిపోనాది. మమ్మల్ని ఓడిపోనట్టు రాసుకున్నారు."
అని ఎందుకో నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

మూత తిప్పి, నీలం గొట్టం తీసి
ముందు వాసన సూసినాను.
"ఎంతకి" అన్నాను.
"దుయి హజార్" అని,
జేబు మీద పేరు కేసి ఏలెట్టి సూపించి
"నీ అసలు పేరేటి" అనడిగింది.