మూడు పైన, ఒకటి కింద

స్టోన్‌హౌస్‌పేటలో మెట్ల కింద
నా మిషనూ, ఒక స్టూలూ, ఒక ట్యూబ్‌లైటూ.
బోర్డు మీద రెండే మాటలు: జీన్స్ ఆల్టరేషన్.

ఈ గుడ్డ సంగతి నాయన చెప్పాడంటే నవ్వుతారు.
పాటూరులో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని
జరీ అంచు చీర తప్ప మరోటి ఎరగని మనిషి.
నేను తెగ్గోసి తెచ్చిన ప్యాంటు ముక్కని
ఒళ్ళో పరుచుకుని, గుండుసూదితో
పోగు పోగూ లాగాడు.

'పడుగు నీలం, పేక తెలుపు మే.
పడుగు మూడు పేకల మీదుగా నడిచి
ఒక్కదాని కింద దూరతా ఉండాది.
అందుకే పైకి ఏటవాలు గీత,
అందుకే తిరగేస్తే తెలుపు.'

తర్వాత నీలం పోగుని గోటితో గీకి
దీపానికి ఎత్తి చూశాడు.
'అద్దకం ఒంటికే పట్టింది, కడుపులోకి దిగలా.
ఇది వెలిసిపోతాది.'

వెలిసేకొద్దీ రేటు ఎక్కువ నాయనా, అన్నా.
రంగు దిగిందని చీర మొహాన కొట్టిన షావుకార్లని
చూసిన మనిషి
ఆ పూట ఇంకేమీ మాట్లాడలేదు.

పేర్లు మాత్రం కాలేజీ పిల్లకాయలు నేర్పారు.
మోకాలి దాకా బిగిసి, పాదం కాడ కాస్త విప్పారితే బూట్‌కట్.
విప్పడానికి మంచమ్మీద కూలబడాల్సి వస్తే స్కిన్నీ.
తొడ నించి మడమ దాకా గొట్టంలా దిగితే స్ట్రెయిట్.
బ్యాగీ మా మామ పెళ్ళినాటికి ఒకసారొచ్చి, పోయి,
ఇప్పుడు ఆయన మనవడి నడుం మీద వేలాడతా ఉంది.

పోయినేడు నేను బిగించిన ప్యాంట్లే
ఈ ఏడు వదులు చెయ్యమంటారు.
చెయ్యొచ్చు అబయా.
కాకపోతే పాత కుట్టు కింద ఎండ ఎరగని నీలం
గీత గీసినట్టు బయటపడిపోతాది.

ఏ దేశం కాళ్ళకి కుడతారో గానీ
నెల్లూరు కాలికి ఎప్పుడూ నాలుగంగుళాలు ఎక్కువే.
కోసిన అంచులన్నీ మిషన్ కింద గోతాంలో ఉంటాయి.

ఎవరిదో చెప్పకపోయినా
ప్యాంటు చూస్తే నాకు తెలిసిపోతుంది.
మోకాలి కింద ఉప్పు చార ఉంటే
ముత్తుకూరు రొయ్యల గుంటల్లో దిగేవాడు.
కుడి జేబు మీద ఫోను ఆకారం, ఎడమ జేబు మీద తాళాల గుత్తి.
తొడల లోపలివైపు, స్తంభాన్ని వాటేసుకున్నంత మేరా
తెల్లబడి పీచు లేచిందా,
లైన్‌మన్ మాలకొండయ్యది.

అదే ప్యాంటు. నాలుగోసారి.
'కొత్తది కొనకూడదా అన్నా?'
'ఇది నా కాళ్ళకి అలవాటు పడిందమ్మా.'

గోతాంలో చెయ్యి పెట్టి వెతికాను.
ఎవరో పిల్ల వైడ్‌లెగ్‌లో కోసిన అంచు, ముదురు నీలం,
ఒక్కసారి కూడా నీళ్ళు చూడనిది.
పద్దెనిమిదో నంబరు సూది ఎక్కించి
లోపలి నించి అతుకేశాను.

తిప్పి చూసి నసిగాడు:
'రంగు కలవలేదే.'

అరవై ఇయ్యి అన్నా.
నాలుగు నెలలు స్తంభాలెక్కు,
అదే కలిసిపోతాది.