బయటిది

జడ్చర్ల దాటినంక మామిడితోట వెనక
ఇనుపజాలి, దాని లోపల ఇంకో జాలి,
దాని లోపల అది.
కుక్క అందామంటే నోరు రాలేదు.
తోడేలు అందామంటే
మా తాత గుర్తుకొచ్చిండు.

జాలి వెంబడి నడిచి నడిచి
నేల కాలువ తీరు అరిగింది.
పచ్చజొన్న గింజ రంగు కండ్లు.
నన్ను చూడలేదు. నా వెనక రోడ్డును,
రోడ్డు వెనక గుట్టను చూసింది.

వహీద్ భాయ్ కుర్చీ ఏసి చాయ్ ఇచ్చిండు.
నేను ధర అడిగిన.
ఆయన గోడ అడిగిండు.
"మీ ఇంటి గోడ ఎంతెత్తుంటదమ్మా?"
నా మెడ దాకా అన్న.
"అది మనకు గోడ. దానికి అరుగు."

ఏం పని చేస్తవన్నడు.
కల్వకుర్తి సర్కారు దవాఖానల నర్సును,
నెలకు పన్నెండు రాత్రులు డ్యూటీ.
"మరి ఆ పన్నెండు రాత్రులు
అదేం డ్యూటీ చెయ్యాలె?"
చాయ్ మీద మీగడ కట్టింది.
ఊదుకుంట కూసున్న.

అసలు నేనొచ్చిందే రాత్రుల కోసం.
పక్క పోర్షన్ ఖాళీ అయినకాంచి
గొళ్ళెం పెట్టిన్నా లేదా అని
రెండుసార్లు లేస్త,
మూడోసారి లేవబుద్ధి గాక
మంచానికి అతుక్కుని చెవులు రిక్కిస్త.
ఇట్లాంటిది గడప ముందర పండుకుంటే
ఏ చెయ్యి గేటు మీద పడుతదనుకున్న.

చెప్తే వహీద్ భాయ్ నవ్వలేదు.
"ఇది మొరగదు బేటీ. కొత్తమనిషొస్తే
నీ కాళ్ళ సందుల దాక్కుంటది.
కావలి కావాల్నంటే మీ గల్లీ కుక్కకు
రోజుకు రెండు రొట్టెలెయ్యి,
వాడకట్టంత లేపుతది."

ఇంకా చెప్పిండు, ఏదో జబ్బు గురించి చెప్పినట్టు:
పొద్దున గంటన్నర, మాపటికి గంటన్నర నడిపించాలె.
ఒక్కతే ఉంటే పరుపు చీరుతది, తలుపు కొరుకుతది,
గోడ దుంకకపోతే గోడ కింద బొంద తవ్వుతది.
పిలిస్తే వస్తదా అనడిగిన.
"దానికి బుద్ధయితే."
రోహిణిల రోళ్ళు పగిలే మన ఎండకు
ఆ రెండు పొరల బొచ్చు
విప్పి దండెం మీద ఏసేది కాదు.
హైదరాబాదుల ఒక కాంట్రాక్టరు కొన్నడట,
ఫొటోలు దిగిండట,
ఎనిమిది నెలలకు డీసీఎంల వాపసు పంపిండట.
దాని మెడ చుట్టూ బొచ్చు ఊడిన గీత
ఇంకా పూడలేదు.

మా తాత బీరప్ప దిండి ఒడ్డుకు మంద తోలేటోడు.
చీకటైతే దాని పేరు ఎత్తనియ్యకపోయేది.
"బయటిది" అనేటోడు.
బయటిదొచ్చింది, బయటిది పోయింది,
ఒక రాత్రి బయటిది గొర్రెపిల్లను ఎత్కపోయింది.
తిట్టలేదు. తెల్లారి గొంగడి దులిపి
మిగిలినయి లెక్కపెట్టుకున్నడు.
మనుమరాలు దానికి గిన్నె, పట్టా, పేరు
మూడూ పెడతనంటే
ఏమనేటోడో.
పేరు మాత్రం నేను ముందే అనుకున్న. చెప్ప.

ఇంటికొచ్చి టేపు పట్టి గోడ కొలిచిన.
డ్యూటీ చార్టు వెనక లెక్కలేసిన:
ఇటుక, జాలి, రోజూ కిలోన్నర మాంసం.
జీతంల ఏదో తీరుగ ఇరికించొచ్చు.
పద్నాలుగేండ్లు బతుకుతది అనేది మాత్రం
ఏ గడిల రాయాల్నో తెల్వలేదు.
నా బదిలీ మూడేండ్లకే వస్తది.

మేస్త్రీ నర్సింలు రెండుసార్లు ఫోన్ చేసిండు,
గోడ లేపుదామా అక్కా అని అడగనీకి.
ఎత్తలేదు.

గేటుకు కొత్త గొళ్ళెం పెట్టించిన. నూట ఎనభై రూపాయలు.

ఆదివారం మళ్ళా పోయిన, కొననీకి కాదు.
వహీద్ భాయ్ ఏమడగలేదు, కుర్చీ ఏసి
మోటరు బంద్ చేయనీకి పోయిండు.
జాలి ఇవతల నేను, అవతల అది,
అదే కాలువల అదే నడక.
నాలుగో ఆదివారం అనుకుంట,
నేను లేసి చెప్పులేసుకుంటుంటే
నడక ఆపింది.
గుట్ట దిక్కే చూసుకుంట,
కాని ఆపింది.