ఇరవై రెండో ఎత్తు

ఒంగోలు నుంచి ఆఖరి బస్సులో వస్తా
చీమకుర్తి దాకా ఎవరి మీదా నెపం పెట్టలేదు.
రాళ్ళ లారీలు దాటాక మొదలుపెట్టా:
కల్యాణమండపంలో నిన్నటి పెళ్ళి సాంబారు వాసన,
నెత్తిన టకటకలాడే ఫ్యాను,
ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీ.
పొదిలి వచ్చేసరికి నెపాలు అయిపోయినయ్.
జేబులో మడత కాగితం మిగిలింది.
ఐదో రౌండు. తెల్లపావులు, డి. ఖాసీం పీరా, మార్కాపురం.
నల్లపావులు, వాయల లోహిత, కొత్తపట్నం.
సున్నా, ఒకటి.
ఆ సున్నా నేనే చుట్టా, శ్రద్ధగా, గుండ్రంగా.

పన్నెండేళ్ళ పిల్ల.
కుర్చీ కింద కాళ్ళు ఊగుతా ఉండయ్.
ఊగడం ఆగినప్పుడల్లా నాకేదో మూడిందన్న మాట,
ఆ సంగతి నాకు ఆట అయ్యాక గాని తెలియలేదు.

ముప్పై నాలుగో ఎత్తు అందరూ చూశారు.
గుర్రం దూకింది,
ఒక డెక్క రాజు మీద, ఒక డెక్క ఏనుగు మీద.
"అక్కడ పోయింది పీరా" అన్నారు వెనక నిలబడ్డోళ్ళు,
చావు కబురు చెప్పే గొంతుతో.
పిల్ల మాత్రం నాకు చెయ్యి కలిపి
పావులు మళ్ళీ పేర్చి
ఆటను వెనక్కి, ఇంకా వెనక్కి లాగింది,
చిక్కు ఎక్కడ పడిందో చూడ్డానికి
వాళ్ళ నాయన వల లాగినట్టు.
"ముప్పై నాలుగు కాదు తాతా. ఇరవై రెండు."

ఇరవై రెండు.
నా బంటు ఈ-ఐదులో నిలబడి ఉంది, తలుపు ముందు.
ఒక్క అడుగేస్తే ఈ-ఆరు.
ఆమె మంత్రేమో అంచున ఉన్న నా ఏ-రెండు బంటును
ఊరికే, ఆకలి లేకుండా, చూస్తా ఉంది.
నేనేం చేశా?
నడి వరసను ఏలుతున్న ఏనుగును
ఏ-ఒకటికి లాక్కొచ్చి మూలన కట్టేశా.
అంచు బంటుకు కాపలా.

ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీ.
పగిలిన పలకకు కూలి కోస్తారు.
రంపం కింద చెయ్యి పెట్టేవాడికి
పగలకుండా చూడ్డమే పని.
ఒక్క బంటే గదా అని వదిలేసే చెయ్యి కాదిది.
ఈ ముక్క ఆ పిల్లకు చెప్పలేదు.
"టైము తక్కువుంది" అన్నా.
తను నా గడియారం వైపు చూసింది. పదకొండు నిమిషాలు.
ఏం అనలేదు.

ఇంట్లో బోర్డు లేదు, అల్లుడు తీసుకపోయాడు.
పెరట్లో తీసేసిన పలకల గుట్టలోంచి
ఒకటి లాగి, తుడిచి, అరవై నాలుగు గళ్ళు గీశా.
తెల్ల గళ్ళకే బలపం రుద్దితే చాలు,
నల్ల గళ్ళు పలకే ఇస్తుంది.
మం, ఏ, శ, గు. పావులు రాసి
బొటనవేలితో చెరిపి పక్క గడిలో రాసి
ఒక్కో ఎత్తూ నడిపించా.
"పని ఇంటిక్కూడా తెచ్చుకున్నావా"
లోపల్నుంచి మాబున్నీ.
దుమ్ముకు దగ్గొచ్చింది, జవాబు రాలేదు.

ఇరవై రెండు దగ్గర ఏనుగును చెరిపి
మూలన రాయబోతే
బలపం గాల్లోకి పోయింది.
పలకకు ఎడమచేతి కింది మూల లేదు.
ఎప్పుడో ఏ కుర్రోడి చేతిలోనో విరిగింది,
వాడి కూలీ కోసే ఉంటారు.
అరవై మూడు గళ్ళే.
ఈ పలక మీద ఏనుగుకు వెనక్కి పోను చోటు లేదు.

కాసేపు నవ్వా. కాసేపు నవ్వలేదు.
తర్వాత బంటును చెరిపి ఈ-ఆరులో రాశా.
ఆమె మంత్రి అంచు బంటును తిననీ.
నా బంటు ఎఫ్-ఏడు కొట్టి చెక్ అంటుంది.
రాజు మూలకు జరుగుతాడా, ఏనుగుతో కొడతాడా?
ఒకటైతే నాకు దారుంది.
రెండోదైతే తెలీదు. నిజంగా తెలీదు.
గెలిచేవాణ్ణని చెప్పుకోను కూడా రాదు.

కాగితం వెనక పిల్ల రాతలో
వాళ్ళ నాయన ఫోన్ నంబరు.
"ఈ-ఆరుకు నేనేం ఆడతానో చూసి చెప్తా తాతా."
రాత్రి ఒకటిన్నర.
కొత్తపట్నంలో పడవలు దిగే వేళకు
ఆ ఇంట్లో ఎవరో ఒకరు లేస్తారు.
పలకను గోడకు చేరేసి
పొద్దున తుడవొద్దని మాబున్నీకి రెండుసార్లు చెప్పి
పడుకున్నా.
ఎత్తు ఆ పిల్లది.