రెండో గేటు

ఎర్ర అక్షరం ఉన్న బోర్డు నేనే కట్టాను.
పద్దెనిమిది నిండాలి.
నిండాయో లేదో తేల్చాల్సింది మాత్రం
కొత్తపేటలో, మ్యాట్నీకి, ఈ రెండు కళ్ళు.

ఆధార్ కార్డు అబద్ధమాడుతుంది,
మీసం అంతకంటే ఎక్కువ ఆడుతుంది.
నిన్నొకడు కాటుకతో దిద్దుకొచ్చాడు.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి కొట్టింది, తుమ్మాడు,
సగం మీసం రుమాల్లోకి పోయింది.

నవ్వొచ్చి లోపలికి వదిలేశాను. తప్పే.

ఆ సినిమా ముప్పైసార్లు చూశాను, తలుపు పక్కన నిలబడి.
గూఢచారి ఎవడివో వేళ్ళు విరిచేటప్పుడు
నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటాను.
చప్పుడు రెండిటిదీ ఒకటే.
నాకు యాభై ఆరు. నేను చూడొచ్చట.

ఆట వదిలాక అందరూ ఈలలేసుకుంటూ
బళ్ళ స్టాండు వైపు పోయారు.
వాడొక్కడూ గొలుసు దగ్గర ఆగాడు.
"మస్తాన్ మామా, మొదట్లో గేటు కాడ
ఒకాయన్ని పొడిచేస్తాడు గదా, ఖాకీ చొక్కా...
వాళ్ళింటికి కబురు ఎవరు చెప్పుంటారు?"

ఎంత ఆలోచించినా ఆ ఖాకీ మనిషి
నాకు గుర్తు రాలేదు.

ఇవాళ ఫస్ట్ షోకి పనిగట్టుకుని చూశాను.
మూడు సెకన్లు. పేరు లేదు, మాట లేదు.
పడిపోయాక కూడా చేతిలో టార్చి,
అచ్చం నాదిలాంటిదే,
వెలుగుతూనే ఉంది.

సెకండ్ షోకి నలుగురు పిల్లలొచ్చారు
గడ్డాలెత్తి, గొంతులు బరువు చేసుకుని.
ఒక్కొక్కడి ముఖం మీదా టార్చి వేసి
చాలాసేపు చూశాను.

మీసాలు చూస్తున్నాననుకున్నారు.