కంచరి పిట్ట

మొదట బోరు మోటారు అనుకున్నాను.
కిందికి దిగి ఆపేసి వచ్చాను.
టుంక్, టుంక్, టుంక్...
ఆగలేదు.

లాల్‌దర్వాజ వెనక సందులో
మూడో అంతస్తు మేడ మీద
క్లిప్పులు పళ్ల మధ్య పట్టుకుని వెతికాను.
ఎండిన మునగకొమ్మ చివర
ఒక్క ఆకు మిగిలింది.
ఆకుకి నుదుట కుంకుమ!
కంటి చుట్టూ పసుపు, గొంతుకి పసుపు,
కాళ్లకి పారాణి,
పేరంటం నుంచి నేరుగా వచ్చి
పనిలో కూర్చున్నట్టు.

కింది వాటాలో వీరాచారి గారు.
కసారట్టలో నలభై ఏళ్లు రాగి బిందెలు కొట్టి
చెవులు అక్కడే వదిలేసి వచ్చారు.
ఆయనకేం చెప్పాలన్నా
కరెంటు బిల్లు వెనక రాయాలి.
"కంసాలి పిట్ట" అని రాశాను.
మోకాళ్లని తిట్టుకుంటూ మెట్లెక్కారు.
చాలాసేపు చూశారు.

"కంసాలి గాదు బిడ్డా.
కంసాలి సుత్తె పక్కింటికి గూడ ఇనరాదు,
బంగారం గద, గుసగుసలాడినట్టు కొడతడు.
గిది కంచరి.
గల్లీ అంత ఇనాలె."

వినలేదు ఆయన.
గొంతు ఉబ్బినప్పుడల్లా లెక్కపెట్టారు.
నూట పది దాకా వచ్చి
"ఒక్క దెబ్బ తప్పుతలేదు" అన్నారు,
"మా ఉస్తాదుంటే కూలి పెంచేటోడు."

ఆదివారం ఓనరు గొడ్డలి మనిషిని తెచ్చాడు.
ఎండుకొమ్మ కారు మీద పడుతుందట.
వీరాచారి గారు వాదించలేదు.
తన స్కూటర్ని గల్లీలోకి నెట్టుకెళ్లి
"నా జాగాల పెట్టుకో నీ కారు" అన్నారు.
ఇప్పుడా స్కూటరు సీటు నిండా
నక్కరేగు గింజల రెట్టలు.
తుడవరు.

పొద్దున ఏడింటికి
పెయింటు డబ్బా బోర్లేసుకుని కూర్చుంటారు.
పిట్ట గొంతు చూస్తూ
నీళ్ల డ్రమ్ము మీద వేలితో
అదే దెబ్బ, అదే ఎడం.

నిన్న మధ్యలో పిట్ట లేచిపోయింది,
పళ్లకో, గూటికో.
ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు.
కొడుతూనే ఉన్నారు.

కాసేపటికి
మిద్దెల అవతల, అలియాబాద్ వైపు నుంచి
సన్నగా
టుంక్, అని ఇంకొకటి.
మళ్లీ.
డ్రమ్ముకి, దానికి మధ్య
వెంట్రుకవాసి తేడా లేదు.

బిల్లు కోసం చూశాను, పెన్ను కోసం చూశాను.
తడిబట్టలు తప్ప ఏమీ లేవు చేతిలో.
ఖాళీగా ఉన్న ఆయన రెండో చెయ్యి తీసుకుని
అరచేతిలో
నా వేలితో కొట్టాను,
విన్నది విన్నట్టు.