సిలా, సోల

పొందూరులో కరెంటు పోయిన మధ్యాహ్నం
లాప్‌టాప్ తెర మీద ఇంకా వెలుగుతోంది
అరచేతి కంటే చిన్న మట్టిపలక.
నాలుగువేల ఏళ్ల కిందట
రెల్లుపుల్లతో గుచ్చి గుచ్చి రాసిన లెక్క.
తడినేల మీద పిట్ట నడిచి వెళ్లినట్టుంటుంది.
నా మూడేళ్ల స్కాలర్‌షిప్పంతా
ఆ పిట్ట ఎటు పోయిందో చెప్పడానికే.

నేతశాల ఆడవాళ్ల జాబితా అది.
పేరు, పేరు పక్కన బార్లీ.
నెలకి ముప్పై సిలాలు,
పిల్లలకైతే పది, పదిహేను.
సిలా అంటే ఇంచుమించు లీటరు.
మొదటి ఏడాది ఉబ్బిపోయి రాశాను,
సిలాయే మన సోల అని.
మార్జిన్‌లో గురువుగారి ఎర్రసిరా:
'చెవితో చదవకు.'
ఆ పేజీ ఇంకా దాచుకున్నాను.

ఎదురుగా గవరమ్మత్త
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
సన్నటి ఆ పళ్ల సందుల్లోంచి
గింజకి అంటుకున్న నార
నిద్రలేచినట్టు లేస్తోంది.
'ఏటమ్మీ అది, ఇటిక ముక్కా?'
లెక్కల పుస్తకం అత్తా.
'మట్టితోటేటి!'
మట్టే. ఊరు తగలబడితే
కాలి ఇంకా గట్టిపడుతుంది.
'మా సొసైటీ పుస్తకం అలాటిది కాదు గావాల'
అంది, తలెత్తకుండా.

పదకొండో వరుస దగ్గర
ఏడాదిగా ఆగిపోయాను.
ఒక పేరు. పక్కన బార్లీ లేదు.
గుర్తేదో ఉండేది, విరిగిపోయింది,
మిగిలింది ఒక్క మేకుతల.
చచ్చిపోయింది అని చదవొచ్చు.
పారిపోయింది అని కూడా.
రెండు దేశాల పండితులు
దాని మీద పదేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

'పిల్లలున్నారేటి దానికి?'
కింది వరుసలో ఒక కొడుకు. పది సిలాలు.
'పై నెల్లో?'
పై నెల పలకలో కూడా ఉన్నాడు,
ఇంకెవరిదో పేరు కింద.
'అయితే సచ్చిపోనాదే.
తల్లి బిడ్డనొగ్గేసి పోద్దేటి?'

నేను రాసుకోబోతున్నాను.
దువ్వే చెయ్యి ఆగింది.
వీధిలో ఎవరిదో స్కూటరు
స్టార్టవ్వక స్టార్టవ్వక స్టార్టయి వెళ్లింది.
'పోద్ది' అంది.
'మా పెద్దప్ప పోనాది కాదేటి.
సంటిదాన్ని నా ఒళ్లో ఎట్టి
నీళ్లకెల్తన్నానని.'

నాకు తెలియదు ఆ సంగతి.
ఇన్నేళ్లుగా ఎవరూ ఎక్కడా రాయలేదు.
విరిగినచోట చదరపు బ్రాకెట్లు పెట్టి
లోపల ఖాళీగా వదలాలని మా శాస్త్రం.
వదిలాను.

కరెంటొచ్చింది. ఫ్యాను గాలికి
దూదంతా చెదురుతుంటే
అత్త మోకాళ్లతో అదిమి పట్టింది.
'ఆ పిల్లడికెన్నేళ్లు?'
వయసు రాయరత్తా.
'పది సోలల తిండి అన్నావు కదా.
ఆరేడేళ్లుంటాయి.
ఆకలేస్తే అడగడం తెలిసినోడే.'

సోల కాదు, సిలా అనబోయి ఊరుకున్నాను.
ఆరేడేళ్లు అని నోట్సులో రాసుకున్నాను,
పెన్సిల్‌తో.